ఒకటిన్నర ఇటుక గోడ

1 ఆగస్టు 1964, శనివారం. సెక్టర్ 6, భిలాయి.

ఉ. 5:00. శుభారంభం. సెప్టెంబరు 20న వర్క్ సూపర్‌వైజరు పదవికి డిపార్టుమెంటు పరీక్ష. అంశాలు రెండు: మట్టి పరీక్షలు, డ్రాయింగు. వయస్సు నలభై అయిదు దాటినవారు అనర్హులు. నాకు జనవరి 11న నలభై అయిదు నిండుతాయి.

రైల్వేలో పన్నెండేళ్లు, ఈ ఉక్కు కర్మాగారంలో ఏడేళ్లు టైమ్‌కీపరుగా ఉన్నాను. ఇతరులు గోడలు కట్టిన గంటలు రాశాను. నా గీత మీద ఒక్క గోడైనా లేవాలి.

సంకల్పం: రోజుకు రెండు గంటలు, యాభై రోజులు, మొత్తం నూరు గంటలు.

సమకూర్చుకున్నవి:
1. డ్రాయింగు బల్ల.
2. టీ-స్క్వేరు.
3. మందపు కాగితాలు, పన్నెండు.
4. పాత పుస్తకం (మొదటి ఇరవై పేజీలు లేవు. వాటిలో తేలికైనవే ఉండి ఉంటాయి).

2 ఆగస్టు, ఆదివారం

యాభై రోజుల పట్టికను స్కేలు ప్రకారం గీశాను. నాలుగు గంటలు పట్టింది. చదువు రేపటి నుంచి.

7 ఆగస్టు, శుక్రవారం

డ్రాయింగు. పుస్తకంలో మొదటి నియమం: కాగితం చుట్టూ అంచు గీత, కుడివైపు కింది మూల పేరు, తేదీ, స్కేలు రాసే గడి. అక్షరాలన్నీ ఒకే ఎత్తున ఉండాలి. నాలుగు కాగితాలు వాడాను. మూడింటిలో అక్షరాలు ఎడమకు వాలాయి. నాలుగోది నిర్దోషం, కాని తేదీ నిన్నటిది.

మా ఆవిడ పోలమ్మ వచ్చి చూసింది. "సుట్టూ పెహరీ గోడ కట్టినారు. లోపల ఇల్లేదండీ?"

ఇల్లు తరవాత వస్తుందన్నాను.

9 ఆగస్టు, ఆదివారం

మట్టి సేకరణ. సైకిలు మీద పదకొండు మైళ్లు, ఒక పంక్చరు. మూడు డబ్బాలు: ఒకటి, పెరటి ఎర్రమట్టి, రెండు, నాలా ఇసుక, మూడు, హథ్‌ఖోజ్ ఊరి నల్లమట్టి. మూడో నమూనాను గుర్తించడానికి పుస్తకంలో తొమ్మిది మెట్లున్నాయి. నేను రెండో మెట్టు మీద ఉండగా పక్క క్వార్టరు ఛాయ దీదీ (దుర్గ్ పక్క పల్లె మనిషి) దారిన పోతూ వేలితో నలిపి, "ఏ తో కన్హార్ మాటీ హవయ్" అని పేరు చెప్పి వెళ్లిపోయింది.

సరిపోయింది. మిగిలిన ఏడు మెట్లూ ఎక్కలేదు.

14 ఆగస్టు, శుక్రవారం

మట్టి పరీక్షల్లో ముఖ్యమైనది: తడిమట్టిని అరచేతి కింద దొర్లిస్తూ మూడు మిల్లీమీటర్ల మందం దారంగా తోలాలి. సరిగ్గా ఆ మందానికి వచ్చేసరికి అది విరగాలి. నేను తోలినవి: ఏడు మి.మీ., అయిదు మి.మీ., ఒకటి తోకలాగా.

కారణం: చెయ్యి చెమట.

15 ఆగస్టు, శనివారం

స్వాతంత్ర్య దినం. సెలవు. చదువుకు కూడా.

23 ఆగస్టు, ఆదివారం

వారం రోజులుగా చదువు సాగకపోవడానికి కారణాలు:
1. వాన.
2. వాన తగ్గాక ఉక్కపోత.
3. పెన్సిలు మొన సన్నబడలేదు.
4. సన్నబడ్డాక విరిగింది.
5. పట్టికలో వెనకబడినందున కొత్త పట్టిక గీయవలసి వచ్చింది.

2 సెప్టెంబరు, బుధవారం

పదకొండు కాగితాలు పూర్తి. పదకొండింటిలోనూ అంచు గీత, పేరు గడి అమోఘం. మా ఆఫీసు ధర్మారావు (ఇరవై రెండేళ్లు, డిప్లొమా) తిరగేసి చూశాడు.

"బాబాయ్, పదకొండు ఫ్రేములు కట్టీసినారు. ఫొటో ఎప్పుడు దిగుతారు?"

కుర్రవాళ్లకు పునాది విలువ తెలియదు.

8 సెప్టెంబరు, మంగళవారం

సా. 5:30. అరుగు మీది డబ్బా ఖాళీ. మూడో నమూనా! జల్లించి, మూడు రోజులు నానబెట్టిన మట్టి. పెరట్లో పోలమ్మ, ఛాయ దీదీ కూర్చుని దానితో రేపటి పూజకు వినాయకుణ్ణి చేస్తున్నారు. అప్పటికే తొండం వచ్చింది.

"డబ్బా మీద చీటీ చూడలేదా? కదపరాదు, ఆరితే బీటలు వారును అని రాశాను."

"నాకు సదువొచ్చేటండీ? నా పేరు తప్ప ఇంకేటి సదవగలను? మన్ను ఎన్నలాగుంది. దేవుడికి కాకపోతే ఎవులికి?"

9 సెప్టెంబరు, బుధవారం. వినాయక చవితి.

ఉ. 7:00. నా డ్రాయింగు బల్ల వంటింట్లో ఉంది. దాని మీద పోలమ్మ పాలతాలికలకు బియ్యప్పిండి దారాలు తోలుతోంది. ఊరికే కొలిచాను. మూడు మి.మీ. రెండోది మూడు. పది కొలిచాను. పదీ మూడే.

"కొలత నీకెలా తెలుస్తుంది?"

"కొలతేటండీ, సెయ్యి సెప్తాది. మీరు మట్టిని నొక్కేస్తన్నారు. నొక్కకండి, తోలండి. ఇరుగుతాదనిపించినకాడ ఆపీయండి."

నన్ను కూర్చోబెట్టి తోలించింది. ఇరవై రెండో దారానికి మూడు వచ్చింది.

చదువు: లేదు. పాలతాలికలు: మూడు గిన్నెలు.

12 సెప్టెంబరు, శనివారం

ఆరిన వినాయకుడికి బొడ్డు నుంచి తొండం దాకా బీట. "భూసా మిలానా థా" అంది ఛాయ దీదీ. గడ్డిపొట్టు కలపాలని ముందే తెలిసిన మనిషి ఇప్పుడు చెప్పింది. బకెట్లో నిమజ్జనం చేశాం. నా చీటీ నిజమైంది. సంతోషించడానికి వీలు లేని సందర్భం.

19 సెప్టెంబరు, శనివారం

చదివిన గంటలు: పద్నాలుగు. పట్టికలకు పట్టినవి: ఇరవై ఆరు. రేపే పరీక్ష.

20 సెప్టెంబరు, ఆదివారం

ఉదయం మట్టి. దారం తోలమన్నారు. కళ్లు మూసుకుని బియ్యప్పిండిని తలుచుకున్నాను. నొక్కలేదు, తోలాను. మూడు మి.మీ. దగ్గర విరిగింది. పరీక్షాధికారి కళ్లజోడు తీసి చూశారు.

"కహాఁ సీఖా?"

ఇంట్లో నేర్చుకున్నానన్నాను.

మధ్యాహ్నం డ్రాయింగు. ఒకటిన్నర ఇటుక మందం గోడ, దాని కింద మెట్లుమెట్లుగా వెడల్పయ్యే పునాది. వ్యవధి రెండు గంటలు. అంచు గీతకు, పేరు గడికి గంటా ముప్పై అయిదు నిమిషాలు. గంట కొట్టేసరికి కాగితం మధ్యలో ఇటుకలు నాలుగు.

26 సెప్టెంబరు, శనివారం

ఫలితం. మట్టి: యాభైకి నలభై ఒకటి. డ్రాయింగు: యాభైకి ఆరు. ఆ ఆరూ అంచుకు అయి ఉంటాయి. ధర్మారావు ఇవాళ హాస్యమాడలేదు. నా సైకిలుకు తనే గాలి కొట్టాడు. అదే ఎక్కువ బాధించింది.

డ్రాయింగు ఒక్కటి మళ్లీ రాయవచ్చు, డిసెంబరు 20న. నా వయస్సుకు అదే ఆఖరు.

27 సెప్టెంబరు, ఆదివారం

ఉ. 5:00. శుభారంభం. ఎనభై నాలుగు రోజులున్నాయి. పట్టిక గీద్దామని స్కేలు అందుకున్నాను. పోలమ్మ స్కేలు లాక్కుంది.

"ముందు గోడ. గీసినాక ఏ గడి కావాలో గీసుకోండి."

పన్నెండో కాగితం. అంచు లేదు. 6:50కి గోడ, మెట్ల పునాది, కింద నేల, అన్నీ పూర్తి. జీవితంలో నా మొదటి గోడ.

పోలమ్మ తల పక్కకు వంచి చూసింది. "బాగుంది. ఎవులు గీసినారో పేరు లేదేటి?"

పేరుకు గడి కావాలని, గడికి అంచు కావాలని, కనీసం గంటన్నర పడుతుందని వివరించాను. సగం విని, నా చేతిలో పెన్సిలు తీసుకుని, తనకు వచ్చిన ఆ మూడు అక్షరాలనూ గోడ కింద పెద్దగా, కుడికి వాలేటట్టు రాసింది. పోలమ్మ.

రబ్బరు పక్కనే ఉంది. తీయలేదు.

మొదటి రోజు లెక్క: గోడ, ఒకటి.