పాలకూర మడి దగ్గర అత్తమ్మ

ఆదివారం రాత్రి, మణుగూరు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తమ్మ నోట మాట లేదు. సాయంత్రం ఆమెను క్వార్టర్ వెనక పెరట్లో కూర్చోబెట్టి, పాలకూర వేళ్ళతో సహా పీకుతున్నాను. అడవి వైపు నుంచి చల్లగాలి వస్తోంది, ఆకులు నీళ్ళలోలా ఊగుతున్నాయి.

"పీకకు బిడ్డా, కొయ్యి. మళ్ల చిగురేస్తది."

తిరిగి చూస్తే అత్తమ్మే!

మా ఆయన గని నుంచి రాగానే చెప్పాను. ఆమె ముందు కూలబడి, "ఇంకొక్కసారి మాట్లాడవే అమ్మా," అని బతిమాలాడు. ఆమె నవ్విందంతే.

"నీకు గట్ల అనిపించిందేమో," అన్నాడు నాతో.

నిజమేనేమో, ఆ గాలిలో నేనే కలగన్నానేమో...

ఇప్పుడు అత్తమ్మ నిద్రలో ఏదో గొణుగుతోంది. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి వింటున్నాడు.