పొట్ట మీద కత్తి పెట్టకు

వినీత నాయినా,

నీ పొట్టకు అతికించే మలం సంచులు ఒడిసినయి. తెచ్చెటందుకు పొద్దుగాల బస్సుకే మానుకోట పోతున్న. మిగిలిన ఒక్కటి సజ్జ మీద పెట్టిన.

ఇయ్యాల మార్చుకునేటప్పుడు కత్తి ముట్టకు. మన కటింగ్ షాపుల నుంచి మిషన్ తెచ్చి చార్జింగ్ పెట్టిన. బయటికి తీసిన పేగు మీద తడిగుడ్డ కప్పి, చుట్టున్న వెంట్రుకలు పొట్టిగ చేస్తే చాలు. నున్నగ గీకాలని చూడకు. గోరువెచ్చని నీళ్లతోని కడుగు. మెత్తటి గుడ్డతోని అద్ది, మంచిగ ఆరినంకనే సంచి అతికించు.

పటిక సుత రుద్దకు. గడ్డం గీసినంక అందరికి రుద్దినట్టు పోయిన వారం పొట్టకు రుద్దుకున్నవ్. తోలంత మండి, కురుపులు లేసి, సంచి ఊడి బట్టలన్ని ఖరాబైనయి. "ముప్పై ఏండ్లాయె కత్తి పట్టి, నాకు దవాఖాన నర్సమ్మ నేర్పుతదా" అంటివి. ఇగ చూడు, ఏమైంది?

అన్నం గంజుల ఉన్నది. చారు వెచ్చవెట్టుకో.

ఆపరేషన్ అయి నాలుగు నెలలాయె. సంచి మార్చేటప్పుడల్ల తలుపుకు గొళ్లెం పెడుతున్నవ్. నేను బయట నిలవడి నీ మూలుగు వింటున్న.

సత్యమ్మ

ఇంకోటి. ఊరంత నీ కత్తి కింద గొంతు పెట్టి కండ్లు మూసుకున్నది. ఒక్కలు సుత సిగ్గుపడలే. కట్టుకున్నదాన్ని, నా ముందట నీకేం సిగ్గు? వచ్చేసారి నీ పొట్ట నీకు కనవడేటట్టు అద్దం నేను పట్టుకుంట. గొళ్లెం ఊడదీసి నా వెంట తీసుకపోతున్న.