పిల్లల పానకం తాగిన కోడలు

పస్సావు రేవు, డాన్యూబు నది

అత్తయ్యగారికి, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా వినయంగా మీ కోడలు రోస్విత రాస్తున్నది.

మేమిద్దరం క్షేమం. మీ అబ్బాయి కోర్బీనియన్ పగలంతా ఓడ ఇంజను దగ్గరే ఉంటాడు. ఈ ఒక్క ప్రయాణానికి పనివాళ్ల భార్యల్ని రానిచ్చారు కాబట్టి నేను ఒక్కదాన్నే రేవు దిగి క్రిస్మస్ సంతలు చూసి వస్తున్నాను. పాకంలో వేగే బాదంపప్పు వాసన ఓడదాకా వస్తుంది. ఇక్కడి చర్చి ముందు ఒక ముసలమ్మ మైనంతో గొర్రెపిల్లలు చేస్తోంది. చెవులు ఎంత పల్చగా తీసిందంటే వాటిలోంచి దీపం కనిపిస్తోంది. కాళ్లు తిమ్మిరెక్కేదాకా చూశాను. అందరూ వేడి వైను తాగుతుంటే నేను వైను కలపని పిల్లల పానకం తాగాను.

క్రిస్మస్‌కు ముందు మూడో కొవ్వొత్తి వెలిగించే ఆదివారం లోపల ఇంటికి చేరతాం. ఈసారి మన సంత కొట్లో నన్ను ముందు నిలబెట్టే సంగతి చూద్దామని మీరన్నారు. రెండు చలికాలాలుగా వెనకే కప్పులు కడుగుతూ ఉన్నాను. క్రిస్మస్ చెట్టుకు కట్టేందుకు, అమ్మడానికి నేను చేసిన గడ్డి నక్షత్రాలు అటక మీద పెట్టెలో ఉన్నాయి.

మీ రోస్విత

తా.క. ఓడ దిగేటప్పుడు కోర్బీనియన్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి దగ్గర ఎప్పుడూ పట్టుకోలేదు.

*

రోస్వితకు అత్త క్రెసెంజ్ దీవెనలు.

పెళ్లయిన ఆడది సంతలో వేడి వైను వదిలి పిల్లల పానకం తాగిందంటే దానికి ఒకటే అర్థమని మన లోయలో కోడిపెట్టలకు కూడా తెలుసు. కోర్బీనియన్ కడుపున పడ్డ చలికాలం నేనూ అదే తాగాను. మీ మామయ్య కంటే ముందు ఊరికి తెలిసింది. నువ్వు సిగ్గరివి, నోటితో చెప్పలేక ఇలా రాశావు. అటక మీంచి ఉయ్యాల దించాను. మెట్లు మెల్లగా దిగు.

అత్త

తా.క. ఉయ్యాలకు అడ్డొస్తే నీ గడ్డి పెట్టె ఆవుల కొట్టంలో పెట్టించాను.

*

లింజు రేవు

అత్తయ్యగారికి, మీ ఉత్తరం చదివి చెవులదాకా ఎర్రబడ్డ రోస్విత రాస్తున్నది.

మీరు అనుకున్నది, అంటే, అది అలాంటిది కాదు. ఎలా రాయాలో తెలియడం లేదు. ఇక్కడ తేనె రొట్టెలమ్మే ఒకావిడ ఏమీ కొననివాళ్లతో కూడా, "రండమ్మా, చేతులు వెచ్చబెట్టుకోండి, చూసినందుకు అరిగిపోవులే" అంటుంది. వెళ్లినవాళ్లే వెనక్కి వచ్చి కొంటున్నారు. ఎంత బాగా అంటుందో. నేనూ గదిలో అద్దం ముందు అని చూసుకుంటున్నాను. అద్దంతో అయితే బాగానే అనగలుగుతున్నాను.

మీ రోస్విత

తా.క. పానకం సంగతి దయచేసి ఎవరికీ చెప్పకండి.

*

రోస్వితకు,

నీ ఉత్తరం ఫాదరుగారికి చదివి వినిపించాను. "ఎలా రాయాలో తెలియడం లేదు" అన్నచోట ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. ఆదివారం పూజలో ఆయనే చెప్పారు.

ఇక కొట్టు మాట. వట్టి మనిషివి కానిదానివి, నిన్ను మంచులో నిలబెడితే ఊరు నన్ను బతకనివ్వదు. ఈ ఏడు మన పెద్ద కోడలు అఫ్రా నిలబడుతుంది. నువ్వు పొయ్యి పక్కన కూర్చుని పాలు తాగు.

అత్త

తా.క. ఆవు నీ పెట్టె తెరిచింది. నక్షత్రాలు చాలావరకు తినేసింది. పాలు మాత్రం చిక్కగా ఇస్తోంది.

*

వియన్నా

అత్తయ్యగారూ,

ఇప్పుడే వేడి వైను తాగాను. పెద్ద కప్పు. పస్సావులోనూ ముందు అదే తాగాను. తాగగానే పక్కనున్న పెద్దావిడకు ఆమె టోపీ అల్లిక తప్పని చెప్పి, విప్పి చూపించబోయాను. ఆ సిగ్గుతో పిల్లల పానకానికి మారాను. అంతే. నాకు నెల తప్పలేదు. నాకు కొట్టు కావాలి.

ఇక్కడ చెట్ల నిండా ఎర్రటి గుండెకాయల్లాంటి దీపాలు. ఇంత అందం నేను ఎన్నడూ చూడలేదు. అయినా దీపాల కంటే కొట్లలో నిలబడ్డ ఆడవాళ్లనే ఎక్కువ చూశాను. ముక్కులు ఎర్రబడి, ఊపిరి పొగలై, వచ్చినవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేనూ అలా నిలబడాలి. నక్షత్రాలు మళ్లీ చేసుకుంటాను. వెనక కప్పులు మీరు కడగండి.

రోస్విత

తా.క. చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. కలం ఒప్పుకోలేదు.

*

రోస్వితకు,

చదవగానే మండిపోయాను. అఫ్రాను పిలిచి, "ఇక కొట్టు నీదే" అన్నాను. అది గడప మీద కూలబడి ఏడ్చింది. "నేను నిలబడలేను అత్తయ్యా, నాకు నాలుగో నెల. మీరు రోస్విత సంబరంలో ఉన్నారు, చెప్పడానికి సందేదీ?" అంది. డాన్యూబు అవతల లేని కడుపును కనిపెట్టినదాన్ని, బల్లకవతల ఉన్నదాన్ని చూడలేకపోయాను. ఉయ్యాల దాని గదిలోకి వెళ్లింది. వచ్చే ఆదివారం పూజలో ఫాదరుగారు అదే కబురు పేరు మార్చి చదువుతారట.

రాగానే కొట్లో నువ్వు నిలబడు. నేను వెనక ఉంటాను. నిన్నటి నుంచే ఉన్నాను.

అత్త క్రెసెంజ్

తా.క. కప్పులు కడిగే నీళ్లు అంత చల్లగా ఉంటాయని రెండేళ్లలో ఒక్కసారైనా చెప్పవేమే?