ఖాళీ కుర్చీతో యాభై నిమిషాలు

డులూత్,
మార్చి 9

ప్రియమైన వెర్నా గారికి,

రోజూ పొద్దున ఎనిమిదింటికి తెర మీద కనిపించేవాడు ఇవాళ కాగితం మీదికి దిగాడేమిటా అని మీరు ఈపాటికి కళ్ళజోడు సవరించుకుంటూ ఉంటారు. మీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఇది చదివాక మీరు నాతో కలిసి కూర్చోవడం మానేసినా నేను ఒక్క మాట అనను.

ఇళ్ళలో కూర్చుని పని చేసుకునే ఒంటరి జీవులను ఇద్దరిద్దరిగా జత కలిపే ఆ వెబ్‌సైటు మనల్ని కలిపి రెండేళ్ళయింది. కెమెరాలు తెరిచి, మైకులు కట్టేసి, యాభై నిమిషాలు ఎవరి పని వాళ్ళు చేసుకోవాలి. ఏం చేయబోతున్నామో ముందు చెప్పాలి, ఏం చేశామో చివర చెప్పాలి. మా పక్కింటి ముసలాయన ఐనార్‌కి ఈ పద్ధతి చెబితే పగలబడి నవ్వాడు. "ఎక్కడో ఐయోవాలో ఒకావిడ చూస్తుంటే తప్ప నీకు చెయ్యి ఆడదా? రేపు అన్నం తినడానికి కూడా ఎవరినైనా కూర్చోబెట్టుకుంటావేంట్రా?" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ ఆయన అన్నది నిజమే. మీరు రాకముందు నా రోజులు ఎలా గడిచేవో నాకు తెలుసు. పొద్దున్నే రోజంతటికీ టైంటేబుల్ వేసుకునేవాణ్ణి. అరగంటకొక గడి, గడికొక రంగు. ఆ రంగులు దిద్దుకోవడంలోనే పదకొండయ్యేది. చూడాల్సిన ఇన్సూరెన్సు క్లెయిములు అలాగే పడి ఉండేవి. మొదటి వారంలోనే మీరు అది కనిపెట్టి, "రంగులెందుకు ఓరిన్? మూడు పనులు చెప్పు, చాలు. నాలుగోది నువ్వు ఎలాగూ చెయ్యవు" అన్నారు. ఆ మాటతో నేను బాగుపడ్డాను. ఉద్యోగం నిలిచింది. అలాంటి మీకు నేను చేసిన పని ఇది.

ఫిబ్రవరిలో మా ఇంటి వెనక గడ్డకట్టిన చెరువు మీద ఐనార్ గుడిసె వేశాడు. మంచుకి కన్నం తొలిచి అందులో గాలం వేస్తాం. ఈ ఏడు చేపలు సరిగ్గా ఎనిమిదింటికే ఎర అందుకుని, తొమ్మిదయ్యేసరికి మూతులు బిగించుకునేవి. నా క్లెయిములు మధ్యాహ్నం చూసుకున్నా కంపెనీకి పట్టదు. మీతో ఆ సంగతే చెప్పి వేళ మార్చుకోమని అడగొచ్చు. అడగలేదు. చేపల కోసం అని చెప్పడానికి సిగ్గేసింది. ఒక ఆదివారం బూడిద రంగు స్వెట్టరు వేసుకుని, కెమెరా ముందు నలభై అయిదు నిమిషాలు బుద్ధిగా టైపు చేస్తూ కూర్చుని, ఆ వీడియో దాచుకున్నాను. ఆ తర్వాత రోజూ అదే స్వెట్టరు వేసుకుని వచ్చి, "ఇవాళ పద్నాలుగు క్లెయిములు" అని మీకు చెప్పి, నా బదులు ఆ వీడియోను పెట్టి, వెనక గుమ్మంలోంచి చెరువు మీదికి పోయేవాణ్ణి. చివరి నిమిషానికి పరుగెత్తుకొచ్చి, "అయిపోయాయండీ" అనేవాణ్ణి. మీరు "శభాష్" అనేవారు. పదకొండు రోజులు ఆ శభాష్ తీసుకున్నాను.

పన్నెండో రోజు ఎర డబ్బా మరిచిపోయి మధ్యలో వెనక్కి వచ్చాను. గదిలోంచి మాటలు వినిపించాయి. మీ గొంతే. మైకు తెరిచి మీరు మాట్లాడుతున్నారు. బూట్ల నిండా మంచుతో గుమ్మంలోనే ఆగిపోయాను. తెర మీద నా బొమ్మ తల దించుకుని పని చేసుకుంటోంది. మీరు దానికి చెప్పుకుంటూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎంతసేపటి నుంచి మాట్లాడుతున్నారో తెలియదు. నా చెవిన పడ్డవి చివరి మాటలే. "నాలుగింటికి ఇంక నేను వెళ్ళలేను. అంతే. చెప్పుకున్నాక కాస్త తేలిగ్గా ఉంది."

అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. నేను గబగబా కుర్చీలో కూలబడి, వీడియో ఆపేసి, మైకు తెరిచి, "నేనున్నానండీ వెర్నా గారూ" అన్నాను. మీరు ఉలిక్కిపడి నా వంక చూశారు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నాలుగింటికి ఎక్కడికి వెళ్ళలేరు? ఆస్పత్రికా? చర్చిలో పాటలకా? అడిగితే వినలేదని తెలిసిపోతుంది. రెండేళ్ళుగా మీరు రోజుకి ఎన్ని పేజీల కోర్టు వాంగ్మూలాలు దిద్దుతారో నాకు లెక్క తెలుసు గానీ, మీ ఇంట్లో ఎవరున్నారో తెలియదు. "ఆ విషయం ఎలా ఉందండీ?" అని గాలిలో రాయి వేసేవాణ్ణి. "అలాగే ఉంది" అనేవారు మీరు. ఒక రోజు మీరు నల్ల స్వెట్టరు వేసుకుని కనిపించారు. ఎవరో పోయారని నేనే తీర్మానించేసుకున్నాను. కొట్టుకి పోయి సానుభూతి కార్డు కొన్నాను. ఎవరు పోయారో తెలియదు కనుక పేరు ఊసెత్తకుండా, "మీకు కలిగిన లోటు నాకు తెలుసు" అని రాసి పంపాను. తెలుసట! ఆ ముక్క రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు.

నిన్న ఐనార్‌కి అంతా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గాలం పక్కన పెట్టి, "నేను అబద్ధమాడకుండా చేపలకి వచ్చిన రోజు లేదురా. మా ఆవిడతో ఆడాను, మేస్త్రీతో ఆడాను, పాస్టరు గారితో కూడా ఆడాను. కానీ ఏడుస్తున్న మనిషి ముందు బొమ్మని కూర్చోబెట్టలేదు. ముందు ఇంటికి పో. పోయి చెప్పు" అన్నాడు.

చెప్పాను. మీరు ఆ రోజు చెప్పినది నేను వినలేదు. మళ్ళీ చెప్పమని అడిగే ముఖం నాకు లేదు. మీరు ఒక మనిషికి చెప్పుకున్నాననుకుంటున్నారు, చెప్పుకోలేదు. అది మీకు తెలియాలి. మీరు వచ్చినా రాకపోయినా రోజూ ఎనిమిదింటికి నేను నిజంగా కూర్చుంటాను.

తల ఎత్తుకోలేని
ఓరిన్


డెకోరా,
మార్చి 17

నాయనా ఓరిన్,

నీ ఉత్తరంలో నాలుగు చోట్ల కామాలు తప్పాయి. ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుదామా అన్నంత కోపం వచ్చింది. అందుకే ఈ నాలుగు రోజులూ రాలేదు. నువ్వు ఖాళీ తెర ముందు కూర్చుని ఉంటావని తెలుసు. కూర్చోనీ కాసేపు, అనుకున్నాను.

ముందు నీ దొంగతనం సంగతి తేలుద్దాం. అది నాకు మూడో రోజుకే తెలుసు. నీ బొమ్మ రోజూ ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకి తుమ్మేది. తుమ్మి, కాగితం రుమాలు కోసం ఎడం పక్కకి వెతికి, కుడి పక్కన దొరకబుచ్చుకునేది. మొదటి రోజు దేవుడు నిన్ను చల్లగా చూడాలి అనుకున్నాను. రెండో రోజు జలుబు చేసిందేమో పాపం అనుకున్నాను. మూడో రోజు వాచీ చూసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు కోర్టు వాంగ్మూలాలు దిద్దినదాన్ని. ఒకే మనిషి ఒకే మాట రోజూ అదే చోట చెప్పాడంటే వాడు అక్కడ లేడని అర్థం.

మరి ఎందుకు అడగలేదంటావా? అడుగుదామనే అనుకున్నాను. ఈలోగా నాకు ఆ బొమ్మతో పని పడింది. ఇప్పుడు రాయబోయేది ఇంతవరకూ ఏ మనిషికీ చెప్పలేదు.

నా భర్త పేరు లోవెల్. మాకు పెళ్ళై నలభై ఒక్క ఏళ్ళు. పోయిన సెప్టెంబరు నుంచి ఆయన ఈ ఊళ్ళోనే, మతిమరుపు ముదిరిన వాళ్ళను చూసుకునే హోములో ఉంటున్నారు. నా డైరీలో రోజూ నాలుగు గంటల గడిలో "లోవెల్" అని ఉంటుంది. మూడు పనులు చాలు అని నీకు నీతులు చెప్పానే, నా మూడింటిలో మూడోది అది. జనవరిలో ఒక రోజు వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డారు. పక్కనున్న నర్సుతో, "ఈవిడెవరో పాపం చాలాసేపటి నుంచి వెతుక్కుంటున్నట్టుంది. వాళ్ళ వాళ్ళు ఏ గదిలో ఉన్నారో కాస్త చూపించమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను "పర్లేదమ్మా, గది తప్పొచ్చాను" అని బయటికి వచ్చేశాను. అరిచినా, తిట్టినా నిలబడేదాన్ని. ఆయన ఎప్పటిలాగే మంచిగా మాట్లాడి నన్ను పంపించేశారు.

ఆ రోజు నుంచి లోపలికి వెళ్ళలేదు. నాలుగింటికి హోము ముందు కారు ఆపుతాను. స్టీరింగు పట్టుకుని కూర్చుంటాను. చీకటి పడబోతుండగా ఇంటికి వచ్చి, డైరీలో ఆ గడికి ఎదురుగా టిక్కు పెడతాను. రెండు నెలలుగా ఒక్క టిక్కు తప్పలేదు. మా చెల్లెలు ఫోన్ చేసి "బావ ఎలా ఉన్నాడే?" అంటే, "ఇవాళ కాస్త నయం, సూపు తాగారు" అని చెబుతున్నాను. ఆయన ఏం తాగారో నాకేం తెలుసు? నువ్వు చేపల కోసం పదకొండు రోజులు చేసిన పని నేను మొగుడి దగ్గర రెండు నెలలుగా చేస్తున్నాను. నిన్ను ఏ మొహం పెట్టుకుని తిట్టను?

ఇది చెల్లెలికి చెబితే ఏడుస్తుంది, పాస్టరుకి చెబితే ప్రార్థన చేస్తాడు. నాకు జవాబు చెప్పని మనిషి కావాలి. నువ్వు లేవని తెలిసే మైకు తెరిచాను. నీ బొమ్మకి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చిత్రమేమిటంటే అది ఒకసారి తల ఊపింది, అదీ ఊపాల్సిన చోటే. ఇంతలో నిజం మనిషివి ఊడిపడి, "నేనున్నాను" అన్నావు. విన్నాడేమో, ఎంత విన్నాడో అని ఈ మూడు వారాలూ నేను పడ్డ బాధ నీకేం తెలుసు! నువ్వు "ఆ విషయం ఎలా ఉంది" అని అడిగినప్పుడల్లా, అంతా తెలిసే అడుగుతున్నావని "అలాగే ఉంది" అనేదాన్ని. ఇద్దరమూ దొందూ దొందే.

నువ్వు వినలేదని నీ ఉత్తరంలో చదివి ముందు హమ్మయ్య అనుకున్నాను. కాఫీ పెట్టుకుని కూర్చున్నాక ఏడుపొచ్చింది. అంటే ఇంకా ఎవరికీ చెప్పుకోలేదన్నమాట.

నీ కార్డు గురించి సిగ్గుపడకు. అది వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి మూడు సార్లు చదివాను. మనిషి పోతే ఊరంతా కార్డులు పంపుతుంది, వంటలు చేసి తెస్తుంది. బతికుండగానే కొంచెం కొంచెంగా పోతున్న మనిషికి ఎవరూ ఏమీ పంపరు. నాకు వచ్చింది నీదొక్కటే. తెలియక పంపావు సరే, దాన్ని మాత్రం నీకు తిరిగి ఇవ్వను.

ఇక శిక్ష. గురువారం నాలుగింటికి నీకు ఫోన్ చేస్తాను. చేపలేమంటాయో నాకు తెలియదు, నువ్వు మాత్రం ఎత్తాలి. కారు దిగి లోపలికి వెళ్తున్నానని నీకు చెప్పి, ఫోను కోటు జేబులో వేసుకుంటాను. నువ్వు మాట్లాడక్కర్లేదు. ధైర్యం చెప్పకు, సలహాలు ఇవ్వకు. ఫోనుకి అవతల ఉండు, చాలు.

ఆయన మళ్ళీ లేచి నిలబడి, "ఎవరమ్మా మీరు?" అంటారు. ఈసారి గది తప్పొచ్చానని చెప్పను. "నేను వెర్నాని. మీ భార్యని" అంటాను. ఆ మాట ఆయనలో పది నిమిషాలు కూడా నిలవదని తెలుసు. అందుకే, నేను ఆ మాట అన్నానని గుర్తుండే మనిషి ఇంకొకడు వినాలి.

నీ
వెర్నా