గుండీ వెనక వైపు

అన్నయ్యా,

‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు కనబడాలనే కొత్త కాగితం తీసుకోలేదు.

పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు స్నానానికి వెళ్లగానే, అమ్మ గదిలో మేకుకు వేలాడుతున్న నాన్న కోటు తీసి పైనుంచి రెండో గుండీ కోసుకున్నాను. దొంగతనమే. అడిగితే ఇచ్చేవాడివి కాదు కనక దొంగతనం. నాన్న పోయిన వారంలో “ఒక్క గుండీ ఇవ్వు అన్నయ్యా” అని అడిగాను, గుర్తుందా? “గుండీ లేని కోటు పన్నూడిన మొహంలా ఉంటుందే. కోటు కొడుక్కి. నువ్వు కావాలంటే గొడుగు తీసుకో” అన్నావు. తీసుకున్నాను. రెండు ఊచలు విరిగిన గొడుగు.

ఆ గుండీలు తోమింది ఎవరు? ఆదివారం పొద్దున నాన్న కోటును బల్ల మీద పరిచేవాడు. పాలిష్ కోటు గుడ్డకి అంటకుండా, మధ్యలో చీలిక ఉన్న రేకు ముక్క గుండీల కిందకి దూర్చి, ఒక్కొక్కటీ రుద్దేదాన్ని. “ట్రాము కండక్టరు మొహం ఎవడూ చూడడు తల్లీ, గుండీలే చూస్తారు” అనేవాడు. నా వేళ్ల ఇత్తడి వాసన సోమవారానికి కూడా పోయేది కాదు. నువ్వప్పుడు మైదానంలో బంతి వెనక పరిగెడుతుండేవాడివి.

సరే, అసలు సంగతికి వస్తాను. గుండీ తెచ్చి భూతద్దం కింద పెట్టాను. ముందు వైపు అదే చక్రం, చక్రం చుట్టూ అదే తాడు. కానీ ముందు వైపు చూసి మోసపోవద్దని, నాకీ పాత గుండీలు పోగేసే పిచ్చి పట్టించిన గుండీల దుకాణం ముసలాయన మొదటి రోజే చెప్పాడు. “ముందు ఉన్నది కంపెనీ గొప్ప. వయసు వెనక ఉంటుందమ్మా” అని. తిప్పి చూశాను. తయారు చేసినవాడి పేరు గుండ్రంగా ముద్ర వేసి ఉంది. పేరు తర్వాత ‘అండ్ సన్స్’. ముసలాయన దగ్గర ఆ కార్ఖానా ధరల పట్టికలు ఏడాది వారీగా ఉన్నాయి, కూర్చుని అన్నీ తిరగేశాను. కొడుకులు కార్ఖానాలో చేరింది నాన్న రిటైరైన మూడేళ్లకు. అంతకు ముందు గుండీల మీద వాళ్ల ఊసే లేదు. పైగా నాన్న గుండీలకు వెనక రింగు టంకంతో అతికి ఉండేది, ఆ టంకం బుడిపె నా వేలిగోరుకు తగిలేది. దీని రింగు రేకులోంచి గుచ్చి మడిచింది.

మధ్యలో గుండీలు మార్చారేమో అని నీ తరఫున నేనే వాదించుకున్నాను. కానీ కోసే ముందు మిగతా అయిదూ తిప్పి చూశాను, అన్నీ ఒకటే బాపతు. కోసిన చోట గుడ్డ రంగు వెలవకుండా సరిగ్గా గుండీ అంత మేర కొత్తగా ఉంది. అవి ఆ కోటుతో పుట్టిన గుండీలే. అంటే ఆ కోటు నాన్న ఏనాడూ తొడగలేదు. ఎవడిదో పరాయివాడిది.

కొడుకుల పేరు చేరగానే సరుకు నకిలీ అయింది చూశావా! నాకైతే నవ్వు రాలేదు.

అసలుది ఏం చేశావు? అమ్ముకున్నావా? ఎక్కడో మర్చిపోయి వచ్చావా? అమ్మ ఆ పరాయి కోటుకి దుమ్ము దులుపుతుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగావా? సిగ్గుందా నీకు? ఇప్పుడు దాన్ని పాత ట్రాము డిపోలో ప్రదర్శనకు ఇస్తున్నావట. ‘ఉద్యోగంలో చివరి రోజు వరకు మా నాన్నగారు తొడిగిన కోటు’ అని అట్ట మీద రాయించావట. వదిన ఫోనులో మురిసిపోతూ చెప్పింది. నేను వస్తాను. అందరి ముందు ఈ గుండీ వెనక్కి తిప్పి చూపిస్తాను. ఆ తర్వాత నీ గడప తొక్కను.

కోపంతో అక్షరాలు వంకర పోతున్నాయి. దానికి తోడు అమ్మ కుట్టి పంపిన కుర్చీ దిండు వీపులో గుచ్చుకుంటోంది. గుడ్డ చుట్టిన ఆ లావు గుండీలకు ముందూ లేదు, వెనకా లేదు, మొదట్నుంచీ అవంటే నాకు చిరాకే. ఈ మాట మాత్రం అమ్మకు చెప్పకు.

ఇంకా నీకు చెల్లెలినే,
కానీ ప్రదర్శన దాకానే.

*

అమ్మడూ,

మీ అన్నయ్య నీ ఉత్తరం నాకు చదివి వినిపించాడు. ‘సిగ్గుందా’ దగ్గర ఆగి మంచినీళ్లు తాగాడు. చెప్పొద్దని రాసినా దిండు సంగతి కూడా చదివేశాడు. వాడికి దాచడం చేతకాదు. ఒక్కటే దాచాడు, అదీ నా కోసం.

ఆ కోటు పారేసింది నేను. మీ నాన్న పోయి నెల తిరక్కుండానే పాతబట్టల వాడికి ఇచ్చేశాను. ఎందుకంటావా? నువ్వు ఆదివారం ఓ గంట గుండీలు రుద్ది మీ నాన్న చేత ‘తల్లీ’ అనిపించుకున్నావు. మెడ మురికి రుద్దింది నేను. చంకల్లో చిరుగులు కుట్టింది నేను. ఆ కోటు తొడిగితే ఊరందరితో “రండి, జాగ్రత్త, మెల్లిగా దిగండి” అనే మనిషి, విప్పి మేకుకు తగిలిస్తే నాతో ఒక్క మాట లేదు. జ్వరంతో పడుకున్నా “ఎలా ఉంది” అని అడిగిన పాపాన పోలేదు. ఆయన పోయాక కూడా అది వేలాడుతూ నన్నే చూస్తుంటే ఒళ్లు మండింది. ఇదిగో, రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది.

ఖాళీ మేకు చూసి మీ అన్నయ్య లబోదిబోమన్నాడు. “చెల్లికి తెలిస్తే జన్మలో నీ మొహం చూడదమ్మా” అని పాతబట్టల కొట్లన్నీ తిరిగి అలాంటిదే ఒకటి తెచ్చి తగిలించాడు. “చెప్పెయ్యరా” అంటే వినలేదు. ఒక కోటు వదిలించుకుంటే ఇంకోటి నా నెత్తిన పడింది. ఎవడిదో తెలియని దానికి దుమ్ము దులుపుతున్నాను, నా ఖర్మ.

ఇంకో సంగతి వాడికి కూడా తెలియదు. కోటు ఇచ్చాను గానీ, గుండీలు కోసుకోకుండా బట్ట పారేసేదాన్నా నేను? ఆరూ కోశాను. ‘కోటు కొడుక్కి’ అని వాడు నీతో అన్నప్పుడు పక్క గదిలోనే ఉన్నాను, విన్నాను. తోమినదానికే ఇవ్వాలనుకున్నాను. చేతికిస్తే కోటేదని అడుగుతావు. అందుకని గుడ్డ చుట్టి దిండుకు కుట్టి పంపాను. ఇన్నాళ్లూ నీకు గుచ్చుకుంటున్నవి అవే. లోకంలో గుండీలన్నీ తిప్పి చూస్తావు, నీ వీపు కిందవి తప్ప. కత్తెర తెచ్చుకో.

డిపోలో నోరు విప్పేటట్టయితే ముందు నా పేరు చెప్పు, తర్వాత వాడిది.

అమ్మ

*

అన్నయ్యా,

ఈసారి కొట్టివేత లేదు, ‘ప్రియమైన’ కూడా లేదు. కోపం తగ్గలేదు. అమ్మ మీద సగం, ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు నీ మీద పావు, మిగతాది నాన్న మీద. నాన్న మీద కోపం నాకు కొత్త. అలవాటు చేసుకుంటున్నాను.

దిండు విప్పాను. ఆరూ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. వెనక కార్ఖానా వాడి పేరు ఒక్కటే, కొడుకులు లేరు. టంకం బుడిపె వేలిగోరుకు తగిలింది. ఆ తర్వాత ఏం చేశానో నీకు అనవసరం.

ఒకటి ఈ కవరులో పెట్టాను. నేను కోసిన చోట, పైనుంచి రెండోది, నువ్వే కుట్టు. వదిన చేత కుట్టించకు. అమ్మను అసలు సూది ముట్టుకోనివ్వకు, ఇప్పటికి కుట్టింది చాలు. అట్ట మీద రాతలు మార్పించు: ‘ఇలాంటి కోటు మా నాన్న తొడిగేవాడు. ఇందులో రెండో గుండీ ఒక్కటే ఆయనది. దాన్ని దాచింది మా అమ్మ.’ అంతకు మించి ఒక్క అక్షరం వద్దు. అలా రాయిస్తే వచ్చి నీ పక్కన నిలబడతాను. నాన్న గురించి ఎవరైనా గొప్పగా చెప్తే మాత్రం అమ్మ వైపు చూస్తాను.

పాత గుండీని తోమితే దాని వయసు చెరిగిపోతుందని ముసలాయన నెత్తీనోరూ కొట్టుకుంటాడు. ఇంకెవరు తోమినా నేనే తిట్టేదాన్ని. దీన్ని తోమాను. కోపం తీరేదాకా రుద్దుదామని కూర్చున్నాను.

తీరలేదు. గుండీ మాత్రం మెరుస్తోంది. కుట్టేటప్పుడు నీ వేలిముద్రలు పడనివ్వకు.

నీ చెల్లెలు