కాష్కా మోకాలి కన్నం

మన గుర్రం కాష్కా మోకాలికి దెబ్బ తగిలి మూడు రోజులైనా నువ్వు పశువుల డాక్టర్ని పిలవలేదు, సోరోన్ అన్నా. లారీ తోలే తలాయ్ మా ఇటుకబట్టీకి వచ్చి చెప్పాడు. "మీ తమ్ముడుంటే ఈపాటికి డాక్టర్ని తెచ్చేవాడు" అని అతనంటే, "వాడా! సెనగ గింజంత కన్నానికి కూడా ఏడుస్తాడు" అని నవ్వావట. కాల్చిన కంబళి బూడిద అద్ది, మానకపోతే చలికాలం మాంసానికి కోసేద్దామన్నావట. నోరెలా వచ్చింది?

కొండమీద మేతకి తోలుకెళ్ళిన ఏడు దాని తొడ మీద జానెడు తోలు గీరుకుపోయింది, గుర్తుందా? నేను ఏడుస్తుంటే నాన్న, "నాలుగు కాళ్ళ మీదా నిలబడింది కదరా, మానుతుంది" అని ఉప్పునీళ్ళతో కడిగాడు. ఆ రాత్రి దాని మెడ పట్టుకునే నిద్రపోయాను. అదే నాన్న, మన ఎర్రగుర్రం మోకాలికి ముల్లు గుచ్చుకున్నంత గాయమైతే, కారే నీళ్ళు రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. తీగలా సాగాయి. "ఇది కీలు నీరురా, కన్నం కీలు లోపలిదాకా పోయింది" అని వానలోనే డాక్టర్ కోసం పరిగెత్తాడు.

కాష్కాకి కూడా జిగట నీళ్ళే కారుతున్నాయట, కాలు నేలకి ఆనించడం లేదట. నాన్న చేతి పెంపకంలో మిగిలింది అదొక్కటే.

అమ్మ దగ్గు తగ్గిందా? నా ఉన్ని బూట్లు పంపు. వదినకి నా దండాలు, నీకు కాదు.

ఈ కార్డు తలాయ్ రేపు పొద్దున నీకిస్తాడు. రేపే డాక్టర్ని తీసుకురా. ఆయన ఏమన్నాడో రాసి తలాయ్‌తో పంపు. శుక్రవారానికి జవాబు రాకపోతే శనివారం బట్టీ వదిలేసి నేనే వస్తా.

కెంజెబెక్