గంట మోగని ఆదివారం

ధ్యానకేంద్రం అధ్యక్షులవారికి,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొన్న ఆదివారం అరగంట ధ్యానం రెండు గంటలు సాగిందంటే అది నా సాధన గొప్పతనం కాదండీ. గంట కొట్టాల్సిన నేను కూర్చున్నచోటే నిద్రపోయాను.

హాల్లో నలభై మంది ఉన్నా ఒక్కరూ కదల్లేదు. గంట మోగేదాకా లేవకూడదని, మాట్లాడకూడదని, పక్కవాళ్లను తాకకూడదని, గంటను నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదని గోడమీద నియమాలు రాసిందీ నేనే. పాటించట్లేదని అందరిమీదా విరుచుకుపడిందీ నేనే.

చివరికి వంటగదిలో టీ నీళ్లు ఇగిరి గిన్నె మాడిన వాసనకు ఉలిక్కిపడి లేచి గంట కొట్టాను. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయినవాళ్లు కూడా, ఇంత లోతైన ధ్యానం ఎప్పుడూ చేయలేదని నాకు దణ్ణాలు పెట్టారు. ప్రతివారం ఇలాగే కావాలట!

అందుకే, గంట కొట్టేవాడు కునుకు తీస్తే పక్కవాళ్లు తట్టి లేపొచ్చని ఇంకో నియమం చేర్చడానికి దయచేసి అనుమతించండి. నా పక్కన కూర్చునేది మా ఆవిడే. ఐదు నిమిషాలకే నేను నిద్రపోవడం చూసిందట.

"మరి లేపలేదేమే?" అని అడిగాను.

"పెళ్లయిన ముప్పై ఏళ్లలో మీరు రెండు గంటలు నోరు మెదపకుండా ఉండటం ఇదే మొదటిసారి. చెడగొట్టబుద్ధి కాలేదు" అంది.

ఇట్లు,
ఇంకా మెలకువగానే ఉన్న
మీ గంట బాధ్యుడు